చెయ్యెత్తితే ఆపాలి

నా పళ్ళు గోధుమ రంగులో ఉంటాయి. ముందు పళ్ళ మీద అడ్డంగా చారలు, చారల మధ్య సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చలు, అక్కడక్కడ చిన్న చిన్న గుంటలు. నల్లగొండ జిల్లాలో మా వైపు బోరు నీళ్ళు తాగి పెరిగిన నా వయసు వాళ్ళలో చాలామంది నోళ్ళలో ఇదే కనిపిస్తుంది. పన్ను చిగురు చీల్చుకుని బయటికి రాకముందే, లోపల తయారవుతున్న రోజుల్లోనే, నీళ్ళలోని ఫ్లోరైడ్ దానికి ఆ రంగు పట్టించి పంపిస్తుంది. వేపపుల్లతో పోదు, బొగ్గుతో పోదు, టీవీలో చూపించే ఏ పేస్టుతోనూ పోదు. ఈ సంగతి మొట్టమొదటే చెప్పేస్తున్నాను. చాలా ఏళ్ళు దీన్ని దాచడంలోనే గడిచిపోయాయి. ఇక దాచే ఓపిక నాకు లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో నేను సైకాలజీ చెప్తాను. టీచర్ ఉద్యోగాల పరీక్షలు రాసేవాళ్ళకి శిశు వికాసం, అభ్యసనం, మూర్తిమత్వం, ఇవన్నీ. ఎల్‌బీ నగర్‌లో రెండు గదుల పోర్షన్ కిరాయికి తీసుకుని నేనూ అమ్మా ఉంటాం. పెళ్ళి చేసుకోలేదు. దానికీ పళ్ళకీ సంబంధం లేదు, కానీ అడిగేవాళ్ళు నా నోటి వైపు ఒకసారి చూసి, తమకు తామే ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. రానివ్వండి.

నేను మొదటిసారి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది కోచింగ్ కోసం ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న కొత్తలో. దవడ పన్ను పుచ్చింది. మెయిన్ రోడ్డు మీద మెట్లెక్కి వెళ్తే క్లినిక్. కుర్చీలో వెనక్కి వాల్చారు. డాక్టరు మాస్కు పెట్టుకుని వచ్చి, చిన్న అద్దంతో నా పెదవి పైకి లాగి, నా కళ్ళలోకి కాకుండా నా నోట్లోకి చూస్తూ అడిగాడు.

"బ్రష్ చేసే అలవాటు లేదా అమ్మా?"

తలుపు సగం తెరిచే ఉంది. బయట కూర్చున్నవాళ్ళు విన్నారు. నేను చేస్తానని చెప్పబోయాను. నోట్లో అద్దం ఉంది, మాట రాలేదు. ఆయన పక్క గదిలోంచి ఇద్దరు జూనియర్లను పిలిచాడు. "ఇటు రండి, విలేజ్ కేసు, చూడండి ఎలా ఉందో" అన్నాడు. వాళ్ళు వంగి చూశారు. ఒకమ్మాయి ముక్కు ముడిచింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగి చెవుల్లోకి కారిపోయాయి.

"ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే ఏడుపా?" అన్నాడాయన.

మిషన్ చప్పుడు మొదలయింది. ఎక్కడో లోపల జివ్వుమని లాగింది. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన ఆగలేదు. "చేతులు పట్టుకోండి" అని జూనియర్లకు చెప్పాడు. చెరొక చెయ్యి పట్టుకుని కుర్చీకి అదిమారు. పని అయ్యేదాకా అలాగే ఉంచారు.

ఒక మాట చెప్పాలి. ఆయన పెట్టిన సిమెంటు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చేతిపని తెలిసిన మనిషే. కానీ ఆ కుర్చీలోంచి లేచినప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే: నోరు తెరిచి పడుకుంటే నేను మనిషిని కాను, ఎవరైనా వంగి చూడగలిగిన ఒక గుంటని.

ఆ తర్వాత ఇంచుమించు పదిహేనేళ్ళు ఏ పళ్ళ డాక్టరు మెట్లూ ఎక్కలేదు.

ఈలోగా నేను సైకాలజీ చదివాను, లెక్చరర్ అయ్యాను. శాస్త్రీయ నిబంధన పాఠం ఎన్ని బ్యాచులకి చెప్పానో. గంట మోగగానే కుక్కకి లాలాజలం ఊరడం, తెల్ల ఎలుకతో పాటు పెద్ద శబ్దం వినిపించి భయపెడితే పసివాడు తెల్లటి బొచ్చు కనిపించినప్పుడల్లా ఏడవడం. దాన్ని సామాన్యీకరణం అంటారని బోర్డు మీద రాసేదాన్ని. రాసిన చేత్తోనే, క్లాసు నవ్వితే నోరు మూసుకునేదాన్ని. పళ్ళ క్లినిక్ బోర్డు కనబడితే రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నడిచేదాన్ని. ఆ క్లినిక్‌లో వచ్చిన లవంగ నూనె వాసన ఎక్కడ తగిలినా అరచేతులు చెమటలు పట్టేవి. ఇవన్నీ నా పాఠంలో ఉన్నవే. ఏ ప్రశ్నకి ఏ జవాబో నాకు తెలుసు. తెలిసినందువల్ల అరచేతులు చెమట పట్టడం మాత్రం ఆగలేదు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు ఎంత పాతుకుపోయిందంటే, ఒక టీచర్స్ డే నాడు అమ్మాయిలు మమ్మల్ని అనుకరిస్తూ నాటిక వేశారు. నా వేషం వేసిన పిల్ల స్టేజి మీదికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. హాలంతా ఒక్కసారిగా గుర్తుపట్టి చప్పట్లు కొట్టింది. నేను కూడా నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకునే.

అమ్మకు ఈ బాధ ఎప్పుడూ లేదు. ఆమె పళ్ళు నా కంటే ముదురు రంగు. నవ్విందంటే చివరి పన్ను వరకూ కనబడాల్సిందే. "నీళ్ళు గట్లున్నయ్, పండ్లు గిట్లున్నయ్. నేను జేసిన తప్పేంది?" అంటుంది. ఆ వాక్యం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదివి ఉంటే త్వరగా బాగుపడేదాన్నేమో.

పోయిన ఏడాది వానాకాలంలో పై వరసలో కోరపన్ను పక్క పన్ను నొప్పి మొదలైంది. మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకుని మింగాను. తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఒక పొద్దున లేచేసరికి చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. అమ్మ నా ముఖం చూసి, పొయ్యి మీది చాయ దింపి, నా ఎదురుగా కూర్చుంది.

"గా డాక్టరు ఒక్కడు గట్లన్నడని ఎన్నేండ్లు అలుగుతవే? నువ్వు అలిగితె వానికేం నష్టం? వాడు మంచిగ నమిలి తింటున్నడు. నువ్వే గంజి తాగుతున్నవ్."

"నేను అలగలే అమ్మా. నాకు భయం."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అమ్మ లేచి చీర మార్చుకుంది. "నడువు. నేనొస్త. ఎవడన్న చెయ్యి పట్టుకుంటె వాని చెయ్యి నేను పట్టుకుంట" అంది.

మా వీధికి రెండు వీధుల అవతల, కిరాణా షాపు మీద ఒక చిన్న క్లినిక్ ఉంది. డాక్టరు ఒక ఆవిడ, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది కావచ్చు. కోస్తా వైపు మనిషని మొదటి మాటలోనే తెలిసిపోయింది. నేను కుర్చీ ఎక్కలేదు. గుమ్మంలోనే నిలబడి, వాచిన చెంపతో, ముందే తయారు చేసుకున్న మాటలు అప్పజెప్పాను.

"మేడం, ముందే చెప్తున్న. నా పండ్ల రంగు గురించి ఒక్క మాటంటె లేచి పోత. నా చేతులు ఎవ్వరు పట్టుకోవద్దు. ఏం చేసినా నాకు చెప్పి చెయ్యాలె."

ఆవిడ నన్ను ఒక క్షణం చూసింది. కోపం వస్తుందనుకున్నాను. వస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోవడానికి కారణం దొరుకుతుందని కూడా అనుకున్నాను.

"సరేనండి. ముందు ఇక్కడ కూర్చోండి" అని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ చూపించింది. తానూ ఇంకొకటి లాక్కుని ఎదురుగా కూర్చుని మాస్కు కిందికి దించింది. "ఇవాళ నోట్లో ఏ పరికరమూ పెట్టను. ఒక ఎక్స్-రే తీస్తాను, అది కూడా మీరు సరేనంటేనే. వాపు తగ్గడానికి మందులిస్తాను. ఎన్నాళ్ళుగా ఉందండీ నొప్పి?"

అడిగిన దానికి నేను జవాబు చెప్తుంటే ఆవిడ నా ముఖం చూస్తూ వింది. చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో కల్పించుకోలేదు. అమ్మ స్టూలు మీద కూర్చుని, చేతి సంచీ ఒళ్ళో పెట్టుకుని, పోలీసులా ఆవిడనే గమనిస్తోంది.

మందులు వాడాక వాపు తగ్గింది. రూట్ కెనాల్ చెయ్యాలని, రెండు మూడుసార్లు రావాల్సి ఉంటుందని, చివరికి పన్ను మీద క్యాప్ వెయ్యాలని ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ రోజు నేను పెద్ద కుర్చీ ఎక్కాను. ఆవిడ ఒక చేతి అద్దం నా చేతికిచ్చింది, చూడాలనిపిస్తే చూడమని.

"నోరు తెరిచి ఉంటే మాట్లాడలేరు కదండీ. అందుకని నొప్పి అనిపించినా, భయమేసినా, ఊరికే ఆపాలనిపించినా ఎడమ చెయ్యి ఎత్తండి. నేను ఆపేస్తాను. ఎందుకని అడగను."

సూది వేసేముందు వేస్తున్నానని చెప్పింది. గాలి కొట్టేముందు చల్లగా ఉంటుందని చెప్పింది. మిషన్ నోట్లో పెట్టేముందు బయటే ఒకసారి తిప్పి చప్పుడు వినిపించింది. తర్వాత పని మొదలుపెట్టింది.

నాకు నొప్పి లేదు. అయినా చెయ్యి ఎత్తాను.

చప్పుడు ఆగిపోయింది. ఆవిడ రెండు చేతులూ నా నోటికి దూరంగా తీసుకుంది. నేను నోట్లో నీళ్ళు ఉమ్మేసి కూర్చున్నాను.

"ఏం కాలే మేడం. ఊరికె చూసిన."

"ఏం చూశారండీ?"

"ఆపుతరా లేదా అని."

ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. "ఎన్నిసార్లైనా చూసుకోండి" అంది.

నేను మళ్ళీ చూశాను. మళ్ళీ ఆగింది. మూడోసారి చెయ్యి లేవబోతుంటే స్టూలు మీంచి అమ్మ అందుకుంది. "ఇగ చాల్తియ్యే! డాక్టరమ్మకు వేరే పని లేదనుకున్నవా?"

"ఇది కూడా పనేనమ్మా" అంది ఆవిడ.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక నేను చాలాసేపు మంచం మీద కూర్చుని ఉన్నాను. పదిహేనేళ్ళలో మొదటిసారి ఒకరు నా నోట్లో వేళ్ళు పెట్టి కూడా నన్ను ఒక మనిషిలా చూశారు. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ళు పట్టిందా అని ఒళ్ళు మండింది. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద కాదు.

ఆవిడ దేవత అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆ తర్వాతి సారి వెళ్ళింది ఆదివారం. బయట బెంచీలు నిండిపోయి జనం మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆవిడ ముఖంలో హడావుడి కనిపిస్తూనే ఉంది. పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగించి, సన్నటి తీగలాంటి పరికరంతో లోపలి నాళాలు శుభ్రం చేస్తోంది. ఉన్నట్టుండి నొప్పి నెత్తిదాకా మెరుపులా పాకింది. చెయ్యెత్తాను.

"ఒక్క నిమిషం, అయిపోతోందండీ."

చెయ్యి దించలేదు. ఆవిడ ఆపలేదు. "ఒక్క నిమిషం" అని మళ్ళీ అంది.

నేను "ఊఁ" అని అరుస్తూ కుర్చీలో లేచి కూర్చున్నాను. ఆవిడ ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది. నోటికి రబ్బరు షీటు వేలాడుతోంది, సగం ముఖం తిమ్మిరెక్కి ఉంది, చొంగ కారుతోంది. ఆ అవతారంతోనే, మాట సరిగ్గా తిరక్కపోయినా, అరిచాను.

"మాటిచ్చినవ్! ఆపుతనని మాటిచ్చినవ్!"

మీరు, మేడం, అన్నీ ఎగిరిపోయాయి. బయట గోల ఆగిపోయింది. తలుపు దగ్గర అసిస్టెంట్ అమ్మాయి కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

డాక్టరు మెల్లగా రబ్బరు షీటు తీసేసింది. "ఇంకొంచెమే ఉంది కదా అని..." అని మొదలుపెట్టింది.

"ఎంత ఉన్నదో నీకు తెలుసు. నాకెట్ల తెలుస్తది?"

ఆవిడ మాస్కు తీసేసింది. ముఖం ఎర్రబడి ఉంది. "తప్పు నాదేనండి" అంది. "బయట జనం ఉన్నారని తొందరపడ్డాను. మీ చెయ్యి కనిపించింది, అయినా ఆపలేదు. అలా చెయ్యకూడదు." వాదించలేదు. మంచికే చేశానని అనలేదు. పన్నుకు తాత్కాలికంగా సిమెంటు పెట్టి పంపేసింది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "మళ్ళ పోతవా?" అని. నేను బ్యాగులోంచి రేపటి పాఠం తీశాను. పాఠంలో ఒక మాట ఉంది, అయత్నసిద్ధ స్వాస్థ్యం. పోయిందనుకున్న భయం కొంతకాలం ఆగి, ఎవరూ పిలవకుండానే తిరిగి రావడం. నాకు ఆ వారమంతా లవంగ నూనె వాసన వంటింట్లో కూడా వచ్చింది. వెళ్ళకుండా ఉండడానికి కావలసినన్ని కారణాలున్నాయి. కానీ ఇప్పుడు మానేస్తే ఇంకో పదిహేనేళ్ళు పోతాయని నాకు స్పష్టంగా తెలుసు. అన్నేళ్ళు ఒక భయానికి మళ్ళీ రాసివ్వదలచుకోలేదు. క్లినిక్‌కి ఫోన్ చేసి, ఆదివారం కాకుండా వేరే రోజు చెప్పమన్నాను.

ఈసారి మధ్యాహ్నం, బయట ఎవరూ లేని వేళ రమ్మన్నారు. డాక్టరు అసిస్టెంట్ అమ్మాయిని నా ఎడమ పక్కన నిలబెట్టింది. "నేను పెట్టుకునే కళ్ళద్దాలకి భూతద్దాలుంటాయండి. పన్ను తప్ప ఇంకేమీ సరిగ్గా కనబడదు. ఆ రోజు కనబడింది, కానీ కనబడని రోజు కూడా రావచ్చు. మీరు చెయ్యెత్తగానే ఈ అమ్మాయి 'చెయ్యి' అని గట్టిగా అంటుంది. అంటే నేను ఆపి తీరాలి. ఇక మీదట అందరికీ ఇలాగే."

పని మధ్యలో విరామం దొరికినప్పుడు ఆవిడ అడిగింది, "మీరు కోచింగ్ సెంటర్‌లో ఏం చెప్తారండీ?" సైకాలజీ అని చెప్పాను. ఆవిడ ఒక్కసారి నవ్వేసింది.

"మాకూ ఒక పాఠం ఉంటుందండి, పేషెంటు భయం, ప్రవర్తన అని. అంతా పిల్లల గురించే. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాత చెయ్యి అని. పెద్దవాళ్ళకి భయమెయ్యదని ఎవరనుకున్నారో."

"భయమని చెప్పుకునేటందుకు పెద్దోళ్ళకు సిగ్గు మేడం. అందుకే మీ దగ్గరికి రారు. రాకుంటె మీ పుస్తకంల ఎట్ల ఎక్కుతరు?"

ఆవిడ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "మొదలుపెట్టమంటారా?" అని అడిగింది. పెట్టమన్నాను. పన్ను పని ఆ రోజుతో పూర్తయింది. క్యాప్ ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సెంటర్ కొత్త బ్యాచ్ కోసం పెద్ద ఫ్లెక్సీ కట్టించింది. మెట్రో దిగి మెట్ల మీంచి చూస్తే బిల్డింగ్ అంతా అదే. లెక్చరర్లందరి ఫోటోలు వరసగా ఉన్నాయి. నేనూ ఉన్నాను. ఏదో ఫంక్షన్‌లో నేను చూడకుండా తీసిన ఫోటో, నవ్వుతున్నాను, చెయ్యి అడ్డం లేదు. కానీ ఆ నోట్లో ఉన్న పళ్ళు నావి కావు. పాలరాతి పలకల్లా తెల్లగా, ఒకే వరసలో మెరిసిపోతున్నాయి. జనం నన్ను తోసుకుంటూ దిగిపోతున్నారు. నేను మెట్ల మధ్యలో నిలబడి ఆ పరాయి నోటినే చూస్తున్నాను.

నేరుగా డైరెక్టర్ గదిలోకి వెళ్ళాను.

"సార్, గా ఫ్లెక్సీల ఉన్నది నా ముఖం కాదు."

ఆయన ముందు అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "మేడం, డిజైనర్ అందరికి జర టచప్ చేసిండు. మీకే కాదు, నా బట్టతల కూడ తక్కువ చేసిండు. మంచిగనే ఉన్నరు కదా?"

"మీ బట్టతల మీ ఇష్టం సార్. నా పండ్లు నావి నాకు పెట్టండి."

"జనం ముందు ఫోటోనే చూస్తరు మేడం. జర పాజిటివ్‌గ ఉండాలె."

"నేను చెప్పే సబ్జెక్టేంది సార్?"

"సైకాలజీ."

"స్వీయ భావన అని ఒక పాఠం ఉన్నది. మనిషి తనను తాను ఎట్ల చూసుకుంటడో గా పాఠం. రేపు గదే చెప్పాలె నేను. పైన గా బొమ్మ పెట్టుకుని, కింద క్లాసుల నిలబడి ఎట్ల చెప్పమంటరు?"

ఆయన పరేషాన్ అయ్యాడు. ఫ్లెక్సీ మళ్ళీ కొట్టించడం కుదరదన్నాడు. పోనీ నోరు మూసుకున్న ఫోటో అతికిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఉన్న పళ్ళతో నవ్వుతున్న ఫోటో అయినా ఉండాలి, లేదా అసలు ఫోటోనే వద్దు. ఇంత చిన్నదానికి ఇంత పట్టుదలేమిటన్నాడు. చిన్నదైతే మార్చడానికి మీకెందుకింత కష్టమని అడిగాను.

రెండు రోజుల తర్వాత మనుషులు తాళ్ళు కట్టుకుని పైకెక్కారు. నా ముఖం ఉన్నచోట ఒక పసుపు రంగు ముక్క అతికించారు. దాని మీద ఎర్రటి అక్షరాలతో 'అడ్మిషన్లు జరుగుతున్నవి' అని ఉంది. మ్యాథ్స్ సారుకీ తెలుగు మేడానికీ మధ్యన ఆ సీజనంతా నేను అడ్మిషన్లుగా వేలాడాను. నాకు అదే బాగుంది.

ఆ పాఠం చెప్పిన రోజు చెయ్యి నోటి దాకా లేచింది. మార్కర్ గట్టిగా పట్టుకుని కిందికి దించాను. అలవాటు పోలేదు, కానీ ఆ రోజుకి మాత్రం దాని మాట వినలేదు. ఫ్లెక్సీలో ఏం జరిగిందో పిల్లలకు చెప్పాను. పళ్ళు చూపించాను. నవ్వుతారేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు. వెనక బెంచీల్లోంచి ఒకమ్మాయి లేచి, "మాది మర్రిగూడ మేడం" అంది, అంతే. అది మా బోరు నీళ్ళ వైపు ఊరే. ఆ పక్కనున్న పిల్ల నోటి మీంచి చున్నీ తీసింది.

చివరికి క్యాప్ రోజు వచ్చింది. డాక్టరు ఒక పట్టీ తెచ్చింది. దాని మీద చిన్న చిన్న పళ్ళు వరసగా గుచ్చి ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో తెలుపు. వాటిని నా పళ్ళ పక్కన పెట్టి చూస్తూ పోయింది. ఒక్కటీ కలవలేదు.

"నేను ఒకటి అడగొచ్చా?" అంది. "రంగు గురించి. ఒక్క మాట కూడా అనొద్దన్నారు, అందుకే అడిగి అడుగుతున్నాను."

అడగమన్నాను.

"దీన్ని తెల్లగా వేసేస్తే, తర్వాత ఎప్పుడైనా మిగతా ముందు పళ్ళకి కూడా పైన పొర వేయించుకోవచ్చు. అన్నీ కలిసిపోతాయి. చాలామంది అలాగే చేస్తారు. అది తప్పేం కాదు."

"తప్పు అంటలేను మేడం. కావాలనుకున్నోళ్ళు చేసుకోని. నాకు మాత్రం నా పక్క పన్ను రంగే కావాలె. చారతో సహా."

"చారతో సహానా?"

"చారతో సహా."

ఆవిడ నా పక్క పళ్ళ ఫోటోలు తియ్యడానికి అనుమతి అడిగింది. తీసి, ల్యాబ్‌కి పంపింది. వారం తర్వాత వెళ్తే డబ్బాలోంచి క్యాప్ తీసింది. తెల్లటి తెలుపు. ఆవిడ ల్యాబ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మేడం, ఫోటో చూసి ఏదో పొరపాటనుకున్నా" అన్నాడు అవతలి మనిషి. "పాడైపోయిన పన్నులాగ ఎవరు చేయించుకుంటరు? మేం లేటెస్ట్ షేడ్ వేసినం, మంచి లుక్ వస్తది."

డాక్టరు నా వైపు చూసింది. నేను ఫోన్ దగ్గరికి వంగాను. "అన్నా, పాడైపోలే. గది నా పన్ను. నువ్వు చెయ్యగలవా, చెయ్యలేవా?"

"చెయ్యనీకి వస్తది అక్కా, కష్టం, చేత్తో గీయాలె" అన్నాడు. గీయమన్నాను.

రెండోది వచ్చేదాకా ఇంకొన్ని రోజులు పట్టింది. దాన్ని పెట్టించుకోవడానికి వెళ్ళిన మధ్యాహ్నం క్లినిక్‌లో ఒకావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. ఆ పిల్ల లోపలికి రానని బెంచీ పట్టుకుని ఏడుస్తోంది. నేను అమ్మతో ఏదో మాట్లాడుతూ నవ్వాను. ఆ పిల్ల తల్లి నా వైపు వేలు చూపించి, "చూసినవా, సరిగ్గ తోముకోకుంటె గా ఆంటీ పండ్లలెక్క అయితయ్" అంది.

ఒకప్పుడైతే లేచి వెళ్ళిపోయేదాన్ని. లేవలేదు. "ఇవి తోమకుంటె వచ్చినయి కావమ్మా, నీళ్ళతోటి వచ్చినయి. నేను మీకంటె ఎక్కువే తోముకుంట" అన్నాను. "ఇంకొకటి, పొల్లను డాక్టరు దగ్గరికి తీస్కొచ్చి భయపెట్టకండి. ఇప్పుడు భయపడితె పెద్దయ్యాక రాదు. నేను రాలే."

ఆవిడకు కోపమొచ్చింది. ముఖం తిప్పుకుంది. పిల్ల మాత్రం ఏడుపు ఆపి నా నోటినే చూస్తూ కూర్చుంది. చూడనిచ్చాను.

కొత్త క్యాప్ సరిగ్గా కూర్చుంది. లేత గోధుమ రంగు, మధ్యలో అడ్డంగా ఒక చార, కింది అంచున సుద్ద మచ్చ. చేతి అద్దంలో ఎంతసేపు చూశానో. అసలు పళ్ళ కంటే అదే కొంచెం శుభ్రంగా ఉంది, అంతే తేడా. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని నా గడ్డం పైకెత్తి చూసింది. "గీటిల్ల కొత్తగ ఏసిన పన్నేదే?" అంది. డాక్టరు పగలబడి నవ్వింది.

నా భయం పోయిందని చెప్పను. ఆరు నెలలకోసారి రమ్మంటారు, వెళ్తాను. కుర్చీ వెనక్కి వాలేటప్పుడు ఇప్పటికీ ఎడమ చెయ్యి సిద్ధంగా పెట్టుకుంటాను. కానీ వెళ్తాను.

ఆ రోజు బయటికొచ్చేసరికి సన్నటి తుంపర పడుతోంది. రోడ్డు చివర బండి మీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. గంటసేపు ఏమీ తినొద్దని డాక్టరు చెప్పింది. రెండు కంకులు కొన్నాం, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దించుకుని. అమ్మ తనది అక్కడికక్కడే మొదలుపెట్టింది. నేను నాది కాగితంలో చుట్టుకుని ఇంటికి తెచ్చి, గంట అయ్యేదాకా ఆగి, చల్లారిపోయిన కంకిని కొత్త క్యాప్ ఉన్న పక్కతోనే కొరికాను.